కొండమీది పితికిపప్పు కోసం

ఏలగిరి గురించి మా వేలూరు వైపు రెండు మాటలు చెబుతారు. అది పేదవాళ్ల ఊటీ అన్నది ఒకటి. అక్కడ తినడానికి ఏమీ దొరకదు, చద్ది కట్టుకునే పోవాలి అన్నది రెండోది. ఈ రెండూ కారు అద్దం దించకుండా కొండెక్కి దిగినవాళ్లు చెప్పే మాటలని నా వాదన. పేదవాళ్ల ఊటీలో గదికి రోజుకు మూడువేలు అడుగుతారా? తినడానికి ఏమీ లేకపోతే అక్కడి జనమంతా గాలి మింగి బతుకుతున్నారా? పోయిన ధనుర్మాసంలో రెండు రోజులు ఆ కొండమీద ఉండి వచ్చాను కాబట్టి చెబుతున్నాను. తిండి ఉంది. అయితే అది బోర్డు మీద రాసి ఉండదు. అడగాలి, అడిగాక ఒక రాత్రి ఆగాలి.

నేను గుడియాత్తం మనిషిని. మా ముత్తాతల కాలం నుంచీ అక్కడే. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ, మావాళ్లలో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లు తక్కువ. నేను చిత్తూరులో డిగ్రీ చదివాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

ఏలగిరికి పోవలసిన పని నాకు మా ఆయన పెట్టి పోయాడు. మునిరత్నం వైరింగు మేస్త్రి. చాలా ఏళ్ల కిందట కొండమీద కొత్త లాడ్జీలు లేస్తున్నప్పుడు మూడు చలికాలాలు అక్కడే ఉండి పని చేశాడు. పదిహేను రోజులకొకసారి ఇంటికి వచ్చేవాడు. ఆ తర్వాత ఇంట్లో నేను పితికిపప్పు చేసిన ప్రతిసారీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "బాగుండాది. కానీ కొండమీద మెస్సులో తిన్న పప్పు వేరేలే" అనేవాడు.

పితికిపప్పు తెలియనివాళ్లకు చెబుతాను. చలికాలంలో వచ్చే పచ్చి అనపకాయలు, అంటే చిక్కుడు జాతి కాయలు, ఒలిచి, గింజలను రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. పొద్దున ఒక్కొక్క గింజనీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే, తోలు చేతిలో మిగిలి పప్పు చేటలోకి దూకుతుంది. నలుగురు తినాలంటే వందల గింజలు పితకాలి. అందుకే మావైపు ఇళ్లల్లో ఒక కట్టుబాటు. చేట చుట్టూ కూర్చోనివాళ్లకు గిన్నె లేదు. నేనూ, నా కూతురూ, ఊరినుంచి వస్తే నా ఆడబిడ్డ సుగుణా కూర్చునేవాళ్లం. మా ఆయన ఒక్కడూ పేపరు పట్టుకుని వసారాలో కూర్చునేవాడు, తినడానికి మాత్రం ముందు వచ్చేవాడు. వచ్చి, పైగా కొండమీది మెస్సు మాట ఎత్తేవాడు.

ఇరవై ఆరేళ్ల కాపురంలో నేను ఓడిపోయిన వాదం ఇదొక్కటే. తినని పప్పుతో ఎలా వాదించను? ఒకసారి తీసుకుపొమ్మంటే, వచ్చే చలికాలం చూద్దాం అనేవాడు. రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. అందుకని నేనే బయల్దేరాను. ఆ పప్పు నిజంగా అంత గొప్పదా, లేక నన్ను ఉడికించడానికి అన్నాడా? అది తేలేదాకా మళ్లీ నా పొయ్యి మీద పితికిపప్పు ఎక్కించకూడదనుకున్నాను. అప్పటికే రెండు చలికాలాలు ఎక్కించలేదు.

పళ్ళికొండ

సుగుణ వేలూరు పక్కన తొరపాడిలో ఉంటుంది. ఇద్దరం పళ్ళికొండ దగ్గర హైవే మీద కలుసుకున్నాం. పొద్దున ఏడుగంటలకు కూడా మంచు విడవలేదు. లారీలు లైట్లు వేసుకునే పోతున్నాయి. టీ పదిహేను రూపాయలు, మెదువడ పది. వడ వేడిగా ఉంది, చట్నీ చల్లగా ఉంది, రెండూ ఒకదాన్నొకటి సర్దుకున్నాయి.

"వదినా, నిజంగా పప్పు తినేదానికే పోతా ఉండామా?" అంది సుగుణ. "తొరపాడికి వచ్చుంటే నేనే చేసి పెట్టేదాన్ని కదా."

"నీ పప్పు నాకు తెలుసులే. సగం గింజలు తోలుతోనే ఏస్తావు."

"మా అన్న ఊరికే అనుంటాడు వదినా. నువ్వు కోపంగా ఉంటే ఆయనకు సరదా."

"అయితే ఊరికే అన్నాడని రుజువు కావాల నాకు. టీ తాగు, ఆరిపోతా ఉండాది."

ఆంబూరు

ఆంబూరు దాటుతూ బిరియానీ తినకుండా పోవడం మావైపు తప్పు కిందే లెక్క. పదకొండు కాకముందే దేగ్సా మూత తీస్తారు. హైదరాబాదు బిరియానీకి అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ నిరాశపడతారు, పడనివ్వండి. ఇక్కడ పొడుగు బియ్యం ఉండవు. జీరకసాంబ అనే చిట్టి బియ్యం, ఎండుమిరపకాయల ముద్ద, పక్కన పుల్లటి వంకాయ గొజ్జు, ఉల్లిపాయల పెరుగు. మసాలా అరవదు, మాంసం మాట్లాడుతుంది. మటను ప్లేటు రెండువందల ముప్ఫై.

సుగుణ మార్గళి నెలంతా, అంటే ఈ ధనుర్మాసమంతా, మాంసం ముట్టదు. నా ఎదురుగా కూర్చుని నిమ్మకాయ సోడా తాగుతూ, నా ప్లేటు వైపు చూడకుండా ఉండడానికి గోడ మీది క్యాలెండరు చదివింది. "నీకు పుణ్యం, నాకు బిరియానీ" అన్నాను. ఆ మాటకు ఫలితం ఎంతోదూరంలో లేదు.

మలుపులు

పొన్నేరి దగ్గర కొండదారి మొదలవుతుంది. పద్నాలుగు మలుపులు. ఒక్కొక్క మలుపుకూ పేరు రాసి పెట్టారు. నాకు ఎనిమిదో పేరు దాకా చదివిన జ్ఞాపకం ఉంది. తొమ్మిదో మలుపులో ఆంబూరు నా గొంతుదాకా వచ్చింది. సుగుణ నా వీపు రాస్తూ ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధపెట్టింది.

బస్సులో మా ముందు సీటులో కూర్చున్న ఆమె వెనక్కి తిరిగి, సంచిలోంచి నిమ్మకాయ తీసి గోటితో గీరి నా చేతిలో పెట్టింది.

"వాసన సూడమ్మా. కిందికి సూడొద్దు, నా జడ సూడు. ఇంకా అయిదే మలుపులు."

తెలుగు వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఆమె పేరు మేరి. నాట్రంపల్లి పిల్ల, పెళ్లయి పాతికేళ్లుగా కొండమీదే ఉంది. చెరువు దగ్గర బజ్జీల అంగడి. కిందికి దిగి శనగపిండి, నూనె కొనుక్కుని పైకి పోతోంది. మిగిలిన అయిదు మలుపులూ నేను ఆమె జడే చూశాను.

అత్తనావూరు

కొండమీది ఊళ్లన్నిటికీ అత్తనావూరు నడిబజారు. చలి మా ఊరికంటే ఒక దుప్పటి ఎక్కువ, ఊటీకంటే రెండు దుప్పట్లు తక్కువ. మేము దిగిన లాడ్జీలో మధ్యాహ్నం బఫే. పొడుగాటి బల్ల మీద పన్నీరు బటర్ మసాలా, గోబీ మంచూరియా, వేయించిన అన్నం, గులాబ్‌జామూన్. ఒక్కొక్కరికి మూడువందల యాభై. ఇవే పేర్లు, ఇదే వరసలో, వేలూరులో ఏ పెళ్లికి పోయినా ఉంటాయి.

వడ్డించే ఆయన్ను అడిగాను. "ఈ కొండమీద పండిందేమన్నా ఈ బల్ల మీద ఉండాదా నాయనా?"

ఆయన బల్ల ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, "కరివేపాకు ఉండాది అమ్మా" అన్నాడు.

"సామలు పండుతాయి కదా ఇక్కడ. సామలన్నం చెయ్యరా?"

"మేము ఇంట్లో తింటాం అమ్మా. బెంగుళూరునించి వచ్చినోళ్లకు పెడితే, షుగరుందా నాకేమన్నా అని కోపం చేసుకుంటారు."

దీనికి నేను ఏం వాదించగలను? మా గుడియాత్తంలోనూ అంతే కదా. చుట్టాలు వస్తే సంగటి దాచి పూరీలు చేస్తాం.

మా ఆయన చెప్పిన గుర్తులు రెండే. చర్చి వెనక వీధి, రేకుల షెడ్డు. ఏదైనా పేరు చెప్పాడేమో, నేను కోపంలో విననేలేదు. చర్చి ఉంది. వెనక వీధి ఉంది. రేకుల షెడ్డు ఉండవలసిన చోట పచ్చరంగు వేసిన ఎత్తైన గోడ, గోడ మీద గాజుపెంకులు, లోపల ఎవరిదో ఈత కొలను. గోడ పొడుగునా రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. ఈ కొండమీది ఏ లాడ్జీ గోడల్లోనో మా ఆయన వేసిన తీగలు ఉంటాయని తట్టింది. సుగుణ, "పోదాం పా వదినా, గాజు సూసి ఏం జేస్తావు" అని చెయ్యి పట్టుకుంది.

పుంగనూరు చెరువు

చిత్తూరు జిల్లా వాళ్లు తొందరపడొద్దు, ఇది మీ పుంగనూరు కాదు. కొండమీద పడవలు తిరిగే చెరువు పేరు కూడా అదే. చుట్టూ అంగళ్లు. మిరపకాయ బజ్జీ ప్లేటు నలభై, ఉడకబెట్టిన మొక్కజొన్న నలభై, కొండతేనె అని సీసాల్లో అమ్మేది అడిగినంత. తేనె రుచి చూసి, బెల్లంపాకం బాగుందన్నాను. అమ్మే ఆయన నవ్వేశాడు, మర్యాదస్తుడు.

మేరి అంగడి వెతుక్కుంటూ పోయాం. ఇక్కడ బజ్జీకి చట్నీ ఇవ్వరు. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయా ఉప్పూకారమూ చల్లి ఇస్తారు. మూడు తిన్నాను. కడుపు ఒప్పుకుంది.

"చర్చి వెనక రేకుల మెస్సు ఉండేదంట కదా మేరీ, ఏమైంది?"

"గోవిందమ్మక్క మెస్సా? ఎత్తేసి ఎన్నాళ్లో అయిందే. తావు అమ్మేసినారు. ఆయక్క నిలవూర్లో ఉండాది ఇప్పుడు. నీకెట్లా తెలుసు?"

"తిన్నవాళ్లు చెప్పినారు."

మేరి నూనెలో బజ్జీలు తిప్పుతూ నా ముఖం చూసింది. తర్వాత ఆటో ఆయన్ను పిలిచి, నిలవూరు, తెలుగక్క ఇల్లు, అని తమిళంలో చెప్పి, మమ్మల్ని ఎక్కించింది.

నిలవూరు, సాయంత్రం

గోవిందమ్మకు డెబ్బయి దగ్గరపడి ఉంటాయి. ఇంటి ముందర కంపమీద అనప తీగ అల్లుకుని కాయలు వేలాడుతున్నాయి. ఆమె కొంగు నిండా కాయలు కోసుకుని నిలబడి ఉంది. నేను ఎవరినో చెప్పలేదు. చెబితే వంటలో మర్యాద కలుస్తుంది, అసలు రుచి తెలియదు. మెస్సు గురించి విన్నామనీ, పితికిపప్పు తినాలని వచ్చామనీ మాత్రం అన్నాను.

"బాగుండాది! ఇప్పుడొచ్చి ఇప్పుడే పెట్టమంటే యాడినించి తెస్తును?" అంది గోవిందమ్మ. "గింజ నానాల కదా. మీ టౌనోళ్లకు అన్నీ బటను నొక్కితే కావాల."

"మేము టౌనోళ్లం కాదమ్మా, నాకూ తెలుసు నానాలని. రేపు పొద్దున రావచ్చా?"

"రాండి. ఊరికే రావద్దండి, ముందర వచ్చి పితకండి. పితకనోళ్లకు నేను పెట్టను."

ఆ కట్టుబాటు కొండ కూడా ఎక్కిందని తెలిసి నాకు లోపల నవ్వొచ్చింది. మరి మా ఆయన ఇక్కడ ఎలా గట్టెక్కాడు?

నిలవూరు, పొద్దున

మంచులో తడిసిన దారిన నడిచిపోయాం. గోవిందమ్మ అరుగు మీద చేట, చేట పక్కన నానిన గింజల గిన్నె. ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. కొండ గింజ మా గింజకంటే చిన్నది, తోలు మందం. మొదటి పది గింజలు నా మాట వినలేదు. తర్వాత లయ దొరికింది.

గోవిందమ్మ నా వేళ్లవైపు చూసింది. "బాగా పితుకుతావే. ఏ ఊరమ్మా మీది?"

"గుడియాత్తం" అంది సుగుణ, నేను నోరు తెరిచేలోపలే.

"గుడియాత్తమా! మా మెస్సులో గుడియాత్తం మేస్త్రి ఒకాయన తినేవాడు. మునిరత్నమని. నీ మాదిరే పితికేవాడు."

నా చెయ్యి ఆగింది. "ఆయనా? పితికినాడా?"

"ఏమట్లంటావు? ఆదివారం పని ఉండదు కదా. అందరూ చెరువు సూసేదానికి పోతే, ఆయన మాత్రం సేట ముందర కూర్చునేవాడు. సన్న తీగలు పట్టే వేళ్లు. ఒక్క గింజ చిదిపేవాడు కాదు. నేనొక శేరు పితికేలోపల ఆయన శేరున్నర."

నేను నవ్వబోయాను. వేరే ఎవరో మునిరత్నం అయి ఉంటాడనుకున్నాను. గుడియాత్తంలో వీధికొక మునిరత్నం ఉన్నాడు.

గోవిందమ్మ చెప్పుకుంటూ పోయింది. "ఇంట్లో కూడా ఇట్లే పితుకుతావా నాయనా, నీ పెండ్లాం అదృష్టం జేసుకుండాదే అని అడిగినా ఒకసారి. లేదక్కా, మా ఇంట్లో ఆమె పితకనీదు, చెయ్యి పెడితే సేట లాక్కుంటాది అన్నాడు. బీయెస్సీ చదివిన పెండ్లామంట. మాట కత్తి మాదిరి ఉంటాదంట. చెప్పి చెప్పి నవ్వేవాడు."

బీయెస్సీ చదివిన పెళ్లాలు గుడియాత్తంలో వీధికొకరు లేరు.

"అంతటితో ఆగుండొచ్చు కదా" అంది గోవిందమ్మ. "నేను చేసి పెడితే తినేసి, బాగుండాదక్కా, కానీ మా ఇంట్లో ఆమె చేసేది వేరే, అనేవాడు. పెట్టిన ప్రతిసారీ ఇదే పాట. నాకు ఒళ్లు మండేది. అంత బాగుంటే ఇంటికే పోయి తినుపో నాయనా అనేదాన్ని."

సుగుణ కళ్లెత్తి నన్ను చూసింది. నేను చేటలోకి చూస్తున్నాను. గింజ వేళ్లమధ్య ఉంది, నొక్కడం మరిచిపోయాను.

"బాగుండాడా ఆయన? మీకు తెలుసునా?" అని అడిగింది గోవిందమ్మ.

"మా అన్నే అమ్మా" అంది సుగుణ. "పోయి రెండేళ్లయింది. ఈమె మా వదిన."

గోవిందమ్మ గిన్నెలోంచి దోసెడు గింజలు తీసి నా ముందు పోసి, చేటను నావైపు జరిపింది. "పితుకమ్మా. నీళ్లు ఆరితే తోలు రాదు" అంది.

పితికాను. నేనే ఎక్కువ పితికాను.

పప్పు ఎలా ఉందో రాయకపోతే ఈ కథనానికి అర్థం లేదు. గోవిందమ్మ కొబ్బరి వెయ్యదు. వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిరప, ఒక చిన్న అల్లం ముక్క నూరి, పప్పు ఉడుకుతున్నప్పుడు వేస్తుంది. చివర్లో కాస్త చింతపండు. కట్టెలపొయ్యి మీద మట్టి చట్టిలో వండింది. సామలన్నం మీద పోసింది. మేము ఇంట్లో రాగిసంగటితో తింటాం, అది ముద్దగా నిలబడుతుంది. సామలన్నం పులుసును తాగేస్తుంది, ముద్ద తేలిగ్గా ఉంటుంది. పప్పు ఒక్కటీ విరగలేదు, నాలుక మీద వెన్నలా ఉంది. రెండోసారి పెట్టించుకున్నాను. మంచి వంట.

నాది ఇంకా బాగుంటుంది. ఇది గర్వం కాదు, గసగసాలు, కొబ్బరి, రెండు లవంగాలు వేసేదానికీ వెయ్యనిదానికీ ఉండే తేడా. ఈ తీర్పు చెప్పడానికే అంత దూరం పోయాను. వినవలసినవాడు లేడు. ఇద్దరు ఆడవాళ్ల వంట తిని, ఇక్కడిది అక్కడా అక్కడిది ఇక్కడా పొగిడి, ఇద్దరిచేతా ఒకే తిట్టు తిన్న మనిషి. ఆ వాదంలో నేనెప్పుడూ ఓడిపోలేదనీ, గెలిచే ఉన్నాననీ ఆ అరుగు మీద తెలిసింది. తెలిసి ఏం చేసుకోను? అన్నం అయిపోయినా చెయ్యి కడుక్కోకుండా కూర్చున్నాను. కంపమీది తీగ, మంచులో తడిసిన ఆ అరుగు, ఎదురుగా బూడిదరంగు కొండ. ఆయన ఆదివారాలు ఈ కొండమీదే, ఈమె చేట ముందే గడిచాయి. ఆ ఆదివారాల్లో ఒక్కటి నాకు ఇచ్చి ఉంటే చాలనిపించింది.

గోవిందమ్మ రెండు శేర్ల గింజలు కట్టి ఇచ్చింది. "నీ మాదిరే వండుకో. కొబ్బరి ఏస్తావంట కదా, ఆయనే చెప్పినాడు" అంది.

దిగుతూ

దిగేటప్పుడు కడుపు తిప్పలేదు. కిటికీ పక్కన సుగుణ కూర్చుంది. నాలుగు మలుపులు దిగాక అడిగాను.

"సుగుణా, నేను చేట లాక్కున్నానా?"

"ఎప్పుడు వదినా?"

"అదే అడుగుతా ఉండా. మీ అన్న చెయ్యి పెడితే నేను ఎప్పుడన్నా లాక్కున్నానా? నువ్వు సూసినావా?"

సుగుణ ఆలోచించింది. ఊరికే తల ఊపకుండా నిజంగా ఆలోచించింది. "నాకు గుర్తు లేదు వదినా. కొత్తగా పెండ్లయినప్పుడు ఏమన్నా అనుంటావు. చేతికి కిరసనాయిలు కంపు అనో, గింజ చిదపొద్దు అనో. నువ్వు అంటావు కదా. అనేసి మరిచిపోతావు."

"నేను అన్నది నేను మరిచిపోతే, ఆయన ఎందుకు మరవలేదు?"

"ఆయనేమీ బాధపడినట్టు లేదులే. నవ్వుతా చెప్పినాడంట కదా."

నవ్వుతూ చెప్పాడు, నిజమే. కానీ ఇరవై ఆరేళ్లు వసారాలోనే కూర్చున్నాడు. ఆయన ఒక్క గింజ పితికి ఎరుగడని నేను వీధివీధికీ చెప్పుకున్నాను. చుట్టాల ముందు చెప్పాను, కూతురి పెళ్లిచూపుల్లో కూడా చెప్పాను. పేపరు వెనక నుంచి ఆయన అన్నీ విన్నాడు, ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. వాదించి ఉంటే నేనూ వాదించేదాన్ని, వాదంలో ఆ పాతమాట ఎప్పుడో ఒకప్పుడు బయటపడేది. "నువ్వే కదా వద్దన్నావు" అని ఒక్కసారి అని ఉంటే చాలు, చేట జరిపి చోటిచ్చేదాన్ని. ఇచ్చేదాన్నేనా అని కూడా ఇప్పుడు అనుమానం.

ఇంటికి వచ్చాక ప్రతి ఏడాదినీ తిరగేసుకుంటున్నాను. అద్దె ఇల్లు, సొంత ఇల్లు, మా అత్త బతికి ఉన్న రోజులు, కూతురు పుట్టిన చలికాలం. ఆ మాట దొరకడం లేదు. మా ఇంట్లో పితికిపప్పు తిన్నవాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే నాకు చెప్పండి, మొహమాటం వద్దు. ఏ పొద్దున, ఏ మాట అని, ఆ మనిషిని నేను చేట దగ్గరినుంచి లేపేశాను?